ఉపాధ్యాయుని చదువు



నేటి నా ప్రసంగమునకు ‘ఉపాధ్యాయుని చదువు’ అని పేరు పెట్టితిని. ఈ పేరు వినగానే మీలో కొందరికి వింత తోపవచ్చును. ఉపాధ్యాయుడు చదువు చెప్పువాడు గదా, వానికి మరల చదువేమి? ట్రెయినింగు ముగించి, పట్టా పుచ్చుకొని, పోటీపరీక్షలో నెగ్గి కొలువున చేరినవాని చదువు నాటితో సరి గదా యని మీరు అడుగవచ్చును. నేను ముప్పది రెండేండ్లు ప్రాథమిక పాఠశాలలలో పనిచేసి విరమించినవాడను. కొలువున చేరిన క్రొత్తలో నేనును ఇట్లే తలచితిని. ఆ తలంపు తప్పని నాకు బోధపరచినది ఏ గ్రంథమును గాదు, ఏ అధికారియు గాదు. మూడవ తరగతి చదువుచున్న ఒక చిన్నపిల్ల లెక్కల పుస్తకము. ఆ సంగతి మొదట మనవిచేసి, పిదప విషయమునకు వచ్చెదను.

అది నేను పనిలో చేరిన పదునొకండవ యేడు. మా పాఠశాల ఇరువురు ఉపాధ్యాయులున్న చిన్న బడి. ప్రక్క గ్రామపు బడికి పైకప్పు మరమ్మతు వచ్చినందున, ఆ పిల్లలు నెలదినములు మా వసారాలో కూర్చుండి చదువుకొనిరి. వారితో వచ్చిన ఉపాధ్యాయిని నాకంటె వయసున పెద్దది. మేమందరము ఆమెను పంతులమ్మగారని పిలుచువారము. నేను లోపల చెప్పు పాఠము ఆమెకును, ఆమె వసారాలో చెప్పు పాఠము నాకును వినబడుచుండెడిది. నా పాఠమును మరియొక ఉపాధ్యాయుడు వినుట నా యుద్యోగములో అదియే మొదటిసారి.

ఒకనాడు నేను తీసివేతలు దిద్దుచుంటిని. ఒక పిల్ల 52 నుండి 27 తీసివేసి 35 అని వ్రాసినది. 83 నుండి 46 తీసివేసి 43 అని వ్రాసినది. కాని 58 నుండి 23 తీసివేయుమన్నచో సరిగా 35 అనియే వ్రాసినది. పది లెక్కలలో అయిదు ఒప్పు, అయిదు తప్పు. ఈ పిల్లకు తెలివి కలదు గాని నిలుకడ లేదని నేను నిశ్చయించుకొని, ‘జాగ్రత్తగా చేయుము’ అని ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. అట్టి మాట ఆ పుస్తకములో అది నాలుగవసారి.

పంతులమ్మగారు ఆ పుస్తకము తీసికొని కొంతసేపు చూచిరి. పిమ్మట నాతో, “మాష్టారూ, ఈ పిల్లకు నిలుకడ లేకపోవుట కాదండీ. ఎంతో నిలుకడగా ఒకే తప్పు చేయుచున్నది” అనిరి. పిల్లను దగ్గరకు పిలిచి, “ఈ లెక్క ఎట్లా చేశావమ్మా? నాకు చెప్పు” అని లాలనగా అడిగిరి. ఆ పిల్ల ఒకట్ల స్థానము చూపి, “రెండు, ఏడు ఉన్నాయండీ. ఏడులోనుంచి రెండు తీసేస్తే అయిదు. చిన్నదాన్ని పెద్దదాన్లోనుంచి తీసెయ్యాలని మాష్టారే చెప్పారండీ” అన్నది.

శ్రోతలారా, ఆ మాట నిజముగా నేను చెప్పినదే. రెండవ తరగతిలో తీసివేత మొదలిడునప్పుడు, “ఎప్పుడును పెద్దసంఖ్యలోనుండి చిన్నసంఖ్యను తీసివేయవలెను” అని పిల్లలచేత వల్లె వేయించెడివాడను. నేను మొత్తము సంఖ్యను గురించి చెప్పితిని. పిల్ల ప్రతి స్థానమునందలి అంకెకును ఆ నియమము వర్తించునని గ్రహించినది. నా మాటను ఆ పిల్ల మరువలేదు. మరువకుండుటయే ఆమె చేసిన తప్పు. నాడు సాయంకాలము తక్కిన పుస్తకములు తిరుగవేసి చూచితిని. ఇరువదినలుగురిలో ఏడుగురు ఆ నియమమునే పాటించుచుండిరి.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. పదునొకండేండ్లుగా నేను ఆ వాక్యమునే చెప్పుచుంటిని. పదునొకండు తరగతుల పిల్లలు నా చేతిమీదుగా వెళ్లిరి. వారిలో ఎందరు, ‘మనకు లెక్కలు రావు’ అని తమను తామే తీర్మానించుకొని, అయిదవ తరగతితోనో ఏడవ తరగతితోనో బడి మానివేసిరో! వారి తప్పునకు మూలము నా నోటిమాటయని వారెరుగరు, నేనును ఎరుగను. ఎరుగుదునన్నను వెనుకకు పోయి దిద్దుటకు వీలులేదు. మరునాటినుండి ఈనెపుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి, రెండు విడిపుల్లలలోనుండి ఏడు తీయుటకు చాలనప్పుడు ఒక కట్ట విప్పవలెనని పిల్లల చేతులతోనే చేయించితిని. పదునైదు దినములలో ఏడుగురిలో ఆరుగురు దారికి వచ్చిరి.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. నాకు ఈ జ్ఞానము ఏ ఏర్పాటువలనను కలుగలేదు. ప్రక్కయూరి బడికప్పు కురియుటవలన కలిగినది! ఆ కప్పు గట్టిగా నుండినచో, నేను మిగిలిన ఇరువదియొక్క యేండ్లును అట్లే చెప్పుచు పోయియుందును. ఉపాధ్యాయుని అభివృద్ధిని ఇట్లు అదృష్టమునకు విడిచిపెట్టవచ్చునా? ఇదియే నేటి నా ప్రశ్న.

తక్కిన వృత్తులకు లేని ఇబ్బంది ఒకటి మా వృత్తికి కలదు. తాపీపనివాడు తన తోడివాడు గోడ కట్టుచుండగా చూచును. వైద్యుడు మరియొక వైద్యుని సలహా అడుగును. రైతు ప్రక్కచేను చూచి తన చేనును సవరించుకొనును. ఉపాధ్యాయుడు మాత్రము తరగతిలో పెద్దవాడొక్కడే. వాని పనిని దినదినము చూచువారు పిల్లలే, వారు విమర్శింపజాలరు. తనిఖీకి వచ్చు అధికారి రిజిష్టర్లు చూచును గాని, ఒక్క పాఠము మొదటినుండి తుదివరకు విని, దానిని గూర్చి చర్చించుటకు ఆయనకు తీరికయుండదు. నాగటికర్రు ఎంత మేలైన ఉక్కుతో చేసినను, ఏటేట కమ్మరి కొలిమికి తీసికొనిపోయి కాచి చరచనిదే నేలలో దిగదు. అది కర్రు చెడ్డదగుటచేత గాదు, పనిచేసినందుననే అరిగినది. ఉపాధ్యాయుని సంగతియు నంతే.

ఈ సత్యమును మన పెద్దలు గుర్తింపకపోలేదు. 1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారీ విద్యాసంఘము, ప్రతి ఉపాధ్యాయునికిని ప్రతి అయిదేండ్ల సేవలో రెండు మూడు నెలలకు తక్కువగాకుండ వృత్తిశిక్షణ లభింపవలెనని సిఫారసు చేసినది. చేరువనున్న పాఠశాలలను ఒక సముదాయముగా కూర్చి, అవి యొకదానికొకటి తోడ్పడునట్లు చేయవలెనను ఆలోచనయు ఆ సంఘముదే. 1986 నాటి జాతీయ విద్యావిధానము, ఉద్యోగమునకు పూర్వమందలి శిక్షణయు, ఉద్యోగకాలమందలి శిక్షణయు విడదీయరానివని చెప్పినది. ఆ మరుసటి సంవత్సరమునుండి జిల్లా విద్యాశిక్షణ సంస్థలు, అనగా మనము డయటులని పిలుచునవి, వెలసినవి. మన ఆంధ్రప్రదేశమున 1980వ దశకమున బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ప్రారంభమైన ప్రాథమికవిద్యా పథకము క్రింద, చుట్టుప్రక్కల బడుల ఉపాధ్యాయులు కలసికొనుటకు ఉపాధ్యాయ కేంద్రము లేర్పడినవి. 2020 జాతీయ విద్యావిధానము, ప్రతి ఉపాధ్యాయుడును ఏటికి 50 గంటలకు తక్కువగాకుండ తన వృత్తియందలి అభివృద్ధికై వినియోగింపవలెనని కోరుచున్నది. 2017లో వెలసిన దీక్షా వేదికద్వారా సెల్‌ఫోనుమీదనే పాఠములు వినుటకు వీలు కలిగినది. 2019లో నిష్ఠ యను పేర దేశవ్యాప్తమైన శిక్షణ ఆరంభమైనది.

ఇన్ని ఏర్పాట్లు ఉండగా ఇంకను కొరత యేమని అడుగుదురేమో. కొరత గంటలలో లేదు. ఆ గంటలను ఎట్లు గడుపుచున్నామను దానిలో నున్నది. నేను నా సేవాకాలమున అనేక శిక్షణ శిబిరములకు పోయితిని. రాష్ట్రస్థాయిలో నేర్చినవారు జిల్లావారికి, జిల్లావారు మండలమువారికి, మండలమువారు మాకు చెప్పెడివారు. చెప్పువారి చిత్తశుద్ధిని నేను శంకింపను. కాని కాలువకు ఎగువను వదలిన నీరు దారిలో ఇంకి, ఆవిరియై, గండ్లు పడి, చివరి చేనికి చేరునప్పటికి తడియైనను మిగులనట్లే, మొదట చెప్పిన విషయము మాకు చేరునప్పటికి కొన్ని పేర్లును, కొన్ని పట్టికలును మాత్రమే మిగిలెడివి. శిబిరమునందు సంతకము చేసి, కాగితములు పుచ్చుకొని, సోమవారమునాడు మరల మా పాత పాఠమే చెప్పెడివారము.

దీనికి కారణమును విద్యావేత్తలు పరిశోధించిరి. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అను ఇరువురు 1980లో, అంతకు పూర్వము జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఉపాధ్యాయశిక్షణయందు అయిదు అంగములను గుర్తించిరి. మొదటిది విషయమును వివరించి చెప్పుట. రెండవది చేసి చూపుట. మూడవది నేర్చువానిచేత చేయించుట. నాలుగవది వాడు చేసినదానిలోని మంచిచెడ్డలను వానికి తెలుపుట. అయిదవది వాడు తన తరగతిలో దానిని ఆచరించుచుండగా ప్రక్కననుండి తోడ్పడుట. వినుటవలన తెలివి కలుగును. చూచుటవలన నమ్మకము కలుగును. కాని తరగతిలో అలవాటు మారుటకు చివరి అంగము ఆవశ్యకము. మన శిబిరములు చాలవరకు మొదటిదానితోనో, రెండవదానితోనో ముగిసిపోవును. విత్తనము చల్లితిమి గాని నీరు పెట్టలేదన్నమాట. సెల్‌ఫోనులోని పాఠమునకును ఇదే పరిమితి. అది చెప్పగలదు, చూపగలదు; మన తరగతిలోని పిల్ల 35 అని యేల వ్రాసినదో మన ప్రక్కన కూర్చుండి చూడజాలదు.

ఇట్టి తోడ్పాటును ఒక దేశము వంద సంవత్సరములకు పైగా పాటించుచున్నది. అది జపాను. మెయిజీ చక్రవర్తి కాలమున మొలకెత్తి, నేటివరకును నిలిచిన ఈ పద్ధతికి వారి భాషలో ‘జుగ్యో కెంక్యూ’ అని పేరు. జుగ్యో యనగా పాఠము, కెంక్యూ యనగా పరిశోధనము. 1999లో జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ అను అమెరికా పండితులు తమ గ్రంథమున దీనిని వర్ణించిన పిదప ఇతర దేశములవారి దృష్టి దీనిపై బడినది.

ఆ పద్ధతి చాల సులభమైనది. ఒక పాఠశాలలోని కొందరు ఉపాధ్యాయులు కలసి, పిల్లలకు కష్టముగా తోచు ఒక పాఠమును ఎన్నుకొందురు. దానిని గూర్చి పుస్తకములు చూతురు. పిల్లలు ఏమి పొరబడుదురో ముందుగా ఊహింతురు. అందరును కూడి ఒక పాఠపథకము వ్రాయుదురు. వారిలో ఒకరు దానిని తరగతిలో చెప్పుదురు. తక్కినవారు తరగతిలో నిలుచుండి చూతురు. వారు చూచునది ఉపాధ్యాయుని గాదు, పిల్లలను. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగెను, ఎవరు ఏమి వ్రాసి తుడిచివేసిరి, ఎవరు ప్రక్కవానిని చూచి వ్రాసిరి అని గుర్తు పెట్టుకొందురు. పాఠము ముగిసిన పిదప అందరును కూర్చుండి, తాము చూచినదానిని చెప్పుకొని, పథకమును సవరింతురు. ఒక్కొక్కప్పుడు సవరించిన పాఠమును మరియొకరు మరియొక తరగతిలో చెప్పి చూతురు. పాఠము అందరిదిగాన, లోపమును అందరిదే. చెప్పినవాడు తలవంచుకొననక్కరలేదు.

వారి చర్చ యెంత సూక్ష్మముగా నుండునో ఒక్క ఉదాహరణము చెప్పెదను. మొదటి తరగతిలో పదులు విప్పి తీసివేయు లెక్క నేర్పునప్పుడు, ఏ సంఖ్యతో ప్రారంభింపవలెనని వారు తర్కింతురు. 13 నుండి 9 తీయుమన్నచో, పిల్లవాడు పదిలోనుండి తొమ్మిది తీసి, మిగిలిన ఒకటికి మూడు కలిపి నాలుగనును. 12 నుండి 3 తీయుమన్నచో, మొదట రెండు తీసి పదికి వచ్చి, ఇంకొకటి తీసి తొమ్మిది యనును. రెండును తీసివేతలే, కాని పిల్లవాని మనస్సు నడచు త్రోవలు వేరు. మనము ఏ త్రోవ చూపదలచితిమో దానికి తగిన సంఖ్యను ఎన్నుకొనవలెను. ఇది వినినప్పుడు నాకు నా యెఱ్ఱసిరా వ్రాత జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగినది. వారు సంఖ్యను ఎన్నుకొనుటకు పడు శ్రమలో పదవవంతు నేను నా వాక్యమును ఎన్నుకొనుటకు పడలేదు.

ఈ దృష్టి మనకు పరదేశమునుండి దిగుమతి కావలసినదని నేననను. మన తెలుగునాట కొలువులో నుండియే జీవితమంతయు విద్యార్థిగా మెలగిన ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో జన్మించిన వారు పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిరి. ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరలకు చదువు చెప్పవలెనను కోరిక కలిగి, చెప్పవలెనన్నచో ముందు వారి భాష తనకు రావలెనని గ్రహించిరి. తెలుగు తెలిసిన సవరనొకనిని ఇంట బెట్టుకొని ఆ భాష నేర్చుకొనిరి. లిపిలేని ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవరపిల్లలకు బడులు పెట్టిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో అచ్చుపడునప్పటికి వారికి దాదాపు డెబ్బది యేండ్లు. 1907 ప్రాంతమున పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొర, ప్రజలు మాటలాడు భాష యొకటియు పుస్తకములలోని భాష యొకటియు నేల యని ప్రశ్నింపగా, ఆ ప్రశ్నను మనస్సున బెట్టుకొని, వ్యావహారిక భాషకై 1940లో పరమపదించువరకు పాటుపడినవారు ఆయనయే. ఆయన పేరు చెప్పుచు నేను గ్రాంథికమున ప్రసంగించుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. పాత అలవాటును మార్చుకొనుట ఎంత కష్టమో నన్ను చూచియే గ్రహింపుడు! పిల్లవానికి అర్థము కానప్పుడు పిల్లవానిని నిందింపక తన విద్యను పెంచుకొనుట యన నేమో ఆయన చూపిరి.

కాని మహనీయులు అందరును కాజాలరు. సామాన్యులమైన మాకు ఏర్పాటు కావలెను. రెండు తెలుగు రాష్ట్రములలోను స్కూలు కాంప్లెక్సు సమావేశములను పేర ఉపాధ్యాయులు కలసికొను ఆచారము కలదు. దానిని సార్థకము చేసికొనుటకు నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదటిది: సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి ఉపాధ్యాయుడును తన తరగతిలోని రెండు మూడు పుస్తకములు తెచ్చుకొనవలెను. ఉత్తమ విద్యార్థులవి గాదు, తనకు చిక్కు తెచ్చిన పిల్లలవి. ఈ పిల్ల ఇట్లేల వ్రాసినదని అందరును కలసి ఆలోచింపవలెను. పంతులమ్మగారు నాకు చేసిన మేలు ఇదియే.

రెండవది: ఆనాడు ఒక పాఠమైనను నిజమైన పిల్లల యెదుట జరుగవలెను. చూచువారు పిల్లలను చూడవలెను. పిమ్మట ఒక గంట చర్చ జరుగవలెను. సర్కులర్లు చదువుటకును, వివరములు సేకరించుటకును ఆ గంట బలికాకూడదు.

మూడవది: చూచినదానిని ఎవ్వరును మార్కులుగా మార్చరాదు. తన తప్పు పైవారి కాగితమునకు ఎక్కునను భయమున్నచో, ఏ ఉపాధ్యాయుడును తన కష్టమైన పాఠమును చూపడు. బాగుగా వల్లించిన పాఠమునే చూపును. వల్లించిన పాఠమువలన ఎవరికిని లాభములేదు. తనిఖీ వేరు, తోడ్పాటు వేరు. రెండును అవసరమే, రెంటిని కలిపినచో రెండును చెడును.

నాలుగవది: సమయము. 2024–25 ప్రభుత్వ లెక్కలను బట్టి మన దేశమున ఒకే ఉపాధ్యాయుడున్న బడులు లక్షకు పైగా నున్నవి. ఆ ఒక్కడు సమావేశమునకు పోయిన బడి మూతపడును. పోకున్న వాడు ఒంటరివాడగును. ఆ దినమునకు వాని తరగతిని నడుపుటకు మరియొకరిని పంపు ఏర్పాటు ప్రభుత్వము చేయవలెను. ఇది ఖర్చుతో గూడినదే. కాని ఉపాధ్యాయుని యొక తప్పు వాక్యము ముప్పది రెండేండ్లలో ఎన్ని తరగతులకు ప్రాకునో లెక్కించినచో, ఆ ఖర్చు స్వల్పమని తోచును.

తల్లిదండ్రులకు ఒక మాట. నెలకొకనాడు ఉపాధ్యాయుడు శిక్షణకు పోయినాడని, ఆ పూట పాఠము జరుగలేదని మీరు విసుగుకొనకుడు. అతడు వచ్చిన పిదప, “ఈసారి ఏమి నేర్చుకొని వచ్చితిరండీ?” అని ప్రీతితో అడుగుడు. అడుగువారున్నారని తెలిసినచో నేర్చుకొని వచ్చుటకు మాకును పట్టుదల కలుగును.

తోటి ఉపాధ్యాయులారా, మీకు నేను చెప్పదగినది ఒక్కటియే. రేపు మీ తరగతిలో ఒక పిల్ల తప్పు వ్రాసినప్పుడు, ఎఱ్ఱసిరా కలము తీయుటకు ముందు, “ఇది ఎట్లా చేశావమ్మా?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు జవాబు ఒక్కొక్కప్పుడు మనకు నొప్పి కలిగించును. ఆ జవాబు పట్టుకొని ప్రక్క బడిలోని మీ మిత్రునియొద్దకు పోవుడు. ఉపాధ్యాయుని చదువు అక్కడ మొదలగును.

నేను చెప్పిన ఏడుగురిలో ఆరుగురు దారికి వచ్చిరంటిని. ఆ ఏడవవాడు, నేను ఈనెపుల్లలు తెచ్చిన వారముననే తండ్రితో పనికై పట్టణమునకు వెడలిపోయెను. వాని పుస్తకము చాలకాలము నా బల్లసొరుగులో నుండెను. దానిలో నా చేతివ్రాతతో ‘జాగ్రత్తగా చేయుము’ అనియున్నది. ఆ మాట వానికి గాదు, నాకు చెప్పినదని ఇప్పటికిని అనుకొనుచుందును.